జ్వరానికి మనిషి పేరు పెట్టినప్పుడు

పార్వతీపురం, సీతంపేట కొండల్లో జ్వరాల కాలం వానలతోనే దిగుతుంది. గెడ్డలు పొంగి, మళ్ళలో నీళ్ళు నిలిచి, ఊడుపులు సాగుతుండగానే పిల్లలు ఒక్కొక్కరే దుప్పటి ముసుగేస్తారు. వాటిలో చాలా జ్వరాలు తగ్గిపోతాయి. ఎక్కడో ఒకటి మాత్రం మూడో రోజుకో నాలుగో రోజుకో తలకెక్కుతుంది. పిల్లవాడు తల్లిని గుర్తుపట్టడు, ఏవేవో మాట్లాడతాడు, పళ్ళు బిగించి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాడు. డాక్టరు దృష్టిలో అది ఫాల్సిపారం మలేరియా మెదడుకు సోకిన లక్షణం. పరాన్నజీవి దూరిన ఎర్ర రక్తకణాలు మెదడులోని సన్నటి రక్తనాళాల గోడలకు అతుక్కుపోయి రక్తం పారనివ్వవు. చూరు కింద కూర్చున్న వాళ్ళకు కనబడేది వేరు. నిన్నటిదాకా ఆడుకున్న పిల్లవాడి నోట ఇంకెవరో మాట్లాడుతున్నారు. ఆ ఇంకెవరో ఎవరన్న ప్రశ్న పుట్టాక జవాబు కోసం ఎంతో దూరం పోనక్కరలేదు. "మొన్న సంత నుంచొస్తుంటే ఆ ముసిల్ది ఈడ్ని సూసి నవ్వినాది" అని ఎవరో ఒకరు అంటారు.

ఇలా జబ్బు తెచ్చిపెడుతుందనుకునే చేతబడిని ఉత్తరాంధ్రలో చిల్లంగి అంటారు. చిల్లంగి పెట్టిందని అనుమానించి మనిషిని చంపేస్తే అది పత్రికల్లో జిల్లా పేజీకి ఎక్కుతుంది. చంపకపోతే ఎక్కదు. నిప్పు ఇవ్వకపోవడం, బోరింగు దగ్గర ఆమె బిందె పెట్టగానే మిగతావాళ్ళు బిందెలు తీసుకుపోవడం, కూలి పనికి పిలవకపోవడం, పిల్లల్ని కొంగు చాటున దాచుకోవడం, గుమ్మం ముందు ఉమ్మడం, అర్ధరాత్రి పెంకుల మీద రాయి పడడం - ఇవేవీ వార్తలు కావు. పెద్దవాళ్ళు ఎదుర్కొనే వేధింపుల గురించి మాట్లాడేటప్పుడు మనకు ఆఫీసు, అత్తిల్లు, సెల్‌ఫోను గుర్తుకొస్తాయి. వీటన్నిటికంటే పాతదీ, ఒక మనిషిని అన్ని వైపుల నుంచీ చుట్టుముట్టేదీ చిల్లంగి. మనం మాత్రం దాన్ని మూఢనమ్మకం అనే గంపలో వేసి, చదువు వస్తే పోతుందిలే అని పక్కన పెట్టాం. నమ్మకం అందులో సగమే. మిగతా సగం వేధింపు. ఆ సగాన్ని తట్టుకోవడం ఎలాగో చెప్పడానికి విజ్ఞానశాస్త్రం దగ్గర కొంత సరుకుంది.

ముందు నమ్మకం సంగతి చూద్దాం, ఎందుకంటే అది తెలివితక్కువతనంలోంచి పుట్టింది కాదు. దోమ కుట్టిన రోజుకూ ఫాల్సిపారం జ్వరం వచ్చే రోజుకూ మధ్య సాధారణంగా 9 నుంచి 14 రోజుల ఎడం ఉంటుంది. రెండు వారాల కిందటి దోమకాటు ఎవరికి గుర్తుంటుంది? గట్టు దగ్గర మొన్న జరిగిన తగాదా మాత్రం ఊరందరికీ గుర్తుంటుంది. సికిల్ సెల్ జబ్బు ఇంకా గడుసుది. మన్యంలోని గిరిజన కుటుంబాల్లో ఈ జన్యువు ఉంది. పుట్టిన బిడ్డ ఒంట్లో గర్భస్థ హిమోగ్లోబిన్ ఉన్నన్నాళ్ళూ జబ్బు పైకి కనబడదు. అయిదారు నెలలు దాటి, అది తరిగి, లోపమున్న హిమోగ్లోబిన్ పెరిగాక చేతులూ పాదాలూ వాచి, నొప్పితో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తాడు. అంటే సరిగ్గా నలుగురూ ఎత్తుకుని ముద్దుచేసే వయసులో. ఎవరో ఎత్తుకున్నారు, మర్నాటి నుంచి బిడ్డ బాగులేదు - ఈ రెంటినీ కలపకుండా ఉండమని ఏ తల్లికి చెప్పగలం? పైగా తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యువు ఒక్కోటి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు అవకాశం జబ్బు బిడ్డకే. ఒకే ఇంట్లో రెండో బిడ్డకూ అలాగే అయితే ఆ ఇంటి మీద ఎవరో కక్ష కట్టారనే అనిపిస్తుంది. ఇదే జన్యువు ఒక్కటే ఉన్నవాళ్ళకు ప్రాణాంతక మలేరియా నుంచి రక్షణ ఇస్తుందని ఆంథొనీ ఆలిసన్ 1954లో తూర్పు ఆఫ్రికా పరిశీలనలతో చూపించాడు. మలేరియా ఉన్న చోటే ఈ జన్యువు నిలబడింది. కాబట్టి చిల్లంగి మాట వినబడే కొండల్లోనే ఈ రెండు జబ్బులూ ఉండడం వింతేమీ కాదు.

కారణం తెలిసినంత మాత్రాన మనిషి మనసు ఊరుకోదు. 1920ల్లో మధ్య ఆఫ్రికాలోని అజాండే జనం మధ్య ఉన్న మానవశాస్త్రవేత్త ఎవాన్స్ ప్రిచర్డ్ ఈ విషయాన్ని చక్కగా పట్టుకున్నాడు. ఎండకు నీడ కోసం గాదె కింద కూర్చున్న వాళ్ళ మీద గాదె కూలింది. గుంజలను చెద తిన్నదని అజాండేలకు తెలుసు. వాళ్ళు అడిగింది ఇంకోటి: సరిగ్గా ఆ మనుషులు కూర్చున్న ఆ ఘడియలోనే ఎందుకు కూలింది? చెదకు ఆ ప్రశ్నకు జవాబు లేదు. డిగ్రీల దాకా చదువుకున్న మనం కూడా కారు గుద్దుకున్న రోజున ఎవరి దిష్టి తగిలిందో అంటూనే ఉంటాం గదా.

ఆ ప్రశ్న అనుమానంగా ఆగిపోతుందా, హత్యదాకా వెళుతుందా అన్నది కడుపు నిండడం మీద కూడా ఆధారపడుతుందని ఎడ్వర్డ్ మిగెల్ అనే ఆర్థికవేత్త లెక్కగట్టాడు. టాంజానియాలోని మెయాటు జిల్లాలో 67 ఊళ్ళ సమాచారం సేకరించి 2005లో ప్రచురించాడు. కరవో వరదో వచ్చిన ఏళ్ళలో మంత్రగత్తెలన్న నెపంతో జరిగే హత్యలు మామూలు ఏళ్ళకంటే రెట్టింపు అయ్యాయి. మిగతా హత్యలు పెరగలేదు. చనిపోయినవాళ్ళు దాదాపు అందరూ ముసలి స్త్రీలు, చంపినవాళ్ళు ఎక్కువగా బంధువులే. పంట పోయిన ఏడు, తినే నోళ్ళలో ఎవరిది బరువన్న లెక్క పైకి చెప్పుకోలేరు. చిల్లంగి అంటే చెప్పుకోవచ్చు.

ఇక్కడ పక్కనే శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఇంకో జబ్బు సంగతి చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస - ఈ ఉద్దానం మండలాల్లో దశాబ్దాలుగా కిడ్నీలు పోతున్నాయి. ఎందుకన్నది శాస్త్రవేత్తలకే పూర్తిగా తేలలేదు. అయినా ఉద్దానం రచ్చబండ దగ్గర ప్రశ్న నీళ్ళ మీదికీ, మట్టి మీదికీ, పురుగుమందుల మీదికీ వెళ్ళింది, ప్రభుత్వం మీదికీ వెళ్ళింది. ఊళ్ళో ఫలానా ముసలామె మీదికి వెళ్ళలేదు. కారణం తెలియకపోవడం ఒక్కటే చిల్లంగిని పుట్టించదని నాకు నమ్మకం కలిగించింది ఈ ఉద్దానమే. వందల ఇళ్ళకు ఒకేసారి వచ్చిన కష్టం అందరి కష్టం అవుతుంది. ఒక్క ఇంటికి వచ్చిన కష్టమే పక్కింటి వైపు వేలు చూపుతుంది.

వేలు ఎవరి వైపు తిరుగుతుంది? ఎవరి మీదికి తోస్తే ఎదురు తిరగడానికి మనుషులు లేరో వాళ్ళ మీదికి. మొగుడు పోయిన ఆడమనిషి, పిల్లలు లేని ముసలాయన, ఆకులూ వేళ్ళూ తెలిసి వైద్యం చేసేవాడు, పెద్ద నోరున్న కోడలు. కొన్నిసార్లు ఉన్నట్టుండి నాలుగు డబ్బులు చూసినవాళ్ళు. అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా చేతికొచ్చిన ఒంటరి మనిషి దాయాదులకు కంట్లో నలుసే. ఆమె ఊరు వదిలి కొడుకు దగ్గరికో, వలస కూలికో పోతే ఆ చెక్క ఎవరు దున్నుకుంటారో ఊళ్ళో అందరికీ తెలుసు. జబ్బుకు కారణం చెప్పే పని కొన్ని గూడేల్లో ఎజ్జోడిది, ఇంకొన్ని చోట్ల దిసరిది. వాళ్ళంతా చెడ్డవాళ్ళేమీ కాదు. కానీ చాలాసార్లు వాళ్ళ నోటి నుంచి వచ్చే పేరు, అడగవచ్చినవాళ్ళ మనసులో ముందే ఉన్న పేరు. గురజాడ కన్యాశుల్కంలో దయ్యాన్ని సీసాలో బిగించే గవరయ్య మనల్ని కడుపుబ్బ నవ్విస్తాడు. దయ్యాన్ని సీసాలోకి దించితే ఎవరికీ నష్టం లేదు. మనిషిలోకి దించితేనే ప్రమాదం.

పేరు పడిన మనిషికి ఏమవుతుందో ఇక చూద్దాం. ఒకరోజు అమెరికన్ మనస్తత్వవేత్త కిప్లింగ్ విలియమ్స్ పార్కులో కూర్చుని ఉండగా ఫ్రిస్బీ ఒకటి దొర్లుకుంటూ వచ్చి వీపుకు తగిలింది. దాన్ని ఆడుకుంటున్న ఇద్దరి వైపు విసిరాడు. వాళ్ళు తిరిగి ఇతనికి విసిరారు. అలా కాసేపు ముగ్గురూ ఆడారు. తర్వాత వాళ్ళిద్దరూ ఒక్క మాటైనా అనకుండా ఇతనికి విసరడం మానేశారు. పేరు కూడా తెలియని ఇద్దరు అపరిచితులు. అయినా తనకు కలిగిన అవమానం చూసి తనే ఆశ్చర్యపోయాడు. ఆ ఆటనే తర్వాత కంప్యూటర్లో ప్రయోగంగా మార్చాడు. మూడు బొమ్మలు బంతి విసురుకుంటాయి. రెండు బొమ్మలు మూడో బొమ్మను ఆడిస్తున్న మనిషికి బంతి వేయడం మానేస్తాయి. కొన్ని నిమిషాలు చాలు, మనిషి కుంగిపోతాడు. ఆడుతున్నది మనుషులు కాదు, కంప్యూటరేనని ముందే చెప్పినా కుంగుతాడు. తాను అసహ్యించుకునే జాతి దురహంకార ముఠావాళ్ళు తనను ఆటలోంచి తప్పించారని చెప్పినా కుంగుతాడు. వెలివేతకు మొదటి దెబ్బ ఆలోచనకు తగలదు. అంతకంటే లోతుగా, అంతకంటే ముందుగా తగులుతుంది.

ఇదే ఆటను నవోమీ ఐసెన్‌బర్గర్ బృందం 2003లో ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి ఆడించింది. ఒంటికి దెబ్బ తగిలినప్పుడు బాధను నమోదు చేసే మెదడు భాగాల్లో ఒకటి అప్పుడూ చురుకైంది. వెలివేత నొప్పీ దెబ్బ నొప్పీ మెదడుకు ఒకటేనని ఆ తర్వాత చాలామంది రాసేశారు. అంత తేలిక కాదు. రెంటి మెదడు జాడలనూ వేరుచేసి గుర్తించవచ్చని 2014లో వచ్చిన ఇంకో పరిశోధన చూపింది. కానీ బాధ నిజమైనదన్న విషయంలో తగాదా లేదు. రోజుల తరబడి అది కొనసాగితే కార్టిసాల్ లయ తప్పుతుంది, నిద్ర చెడుతుంది, ఆకలి చస్తుంది, రక్తపోటు పెరుగుతుంది.

కాబట్టి "ఆళ్ళ మాటలు పట్టించుకోకు పిన్నీ" అనే ఓదార్పు మంచి మనసుతో అన్నదే అయినా పనికిరాదు. పట్టించుకోకుండా ఉండే వీలు మెదడు ఇవ్వలేదు. పైగా ఆ మాట తర్వాత, పట్టించుకున్నందుకు తప్పు కూడా ఆమెదే అవుతుంది.

చిల్లంగిలో ఇంకో ఉచ్చు ఉంది. నిద్రలేక కళ్ళు లోతుకు పోతాయి, మనిషి చిక్కిపోతుంది, నలుగురి మొహం చూడలేక తల వంచుకు నడుస్తుంది, తనలో తాను గొణుక్కుంటుంది. రాత్రిళ్ళు నిద్రపట్టక బయట తిరుగుతుంది. ఇవన్నీ వేధింపు వల్ల వచ్చినవి. ఊరికి మాత్రం ఇవే రుజువులు: "సూసినావా, అర్ధరేత్రి తిరుగుతంది." తిట్టిన వాళ్ళను తిరిగి తిట్టి "నీ ఉసురు తగలదా" అందంటే ఇక సాక్ష్యం అక్కర్లేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా ఆ మాటే కారణం.

దీన్ని కొండ మీది సంగతిగా చదివి ఊపిరి పీల్చుకునే పట్నం పాఠకులకు ఒక మాట. స్వీడన్‌లో మనస్తత్వవేత్త హైంజ్ లేమన్ 1980ల్లో ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, ఫ్యాక్టరీల్లో ఇదే చూశాడు. నలుగురు ఒక్కటై ఒకరిని మాటాడించకపోవడం, పని ఇవ్వకపోవడం, వెనక నవ్వడం. కనీసం వారానికి ఒకసారి, కనీసం ఆరు నెలలు సాగితే దాన్ని ఆయన సామూహిక వేధింపుగా లెక్కవేశాడు. బాధితుడు చిరాకుపడి అరిచిన రోజున "చూశారా, మనిషే అంత" అని పైఅధికారి తేల్చేయడం కూడా ఆయన రాసిపెట్టాడు. 1993లో స్వీడన్ పని చోట ఇలాంటి వేధింపును నివారించాలని నిబంధన తెచ్చింది. విజయనగరంలో ఏ స్టాఫ్ రూమైనా, పైడిభీమవరంలో ఏ మందుల ఫ్యాక్టరీ షిఫ్టయినా, పలాసలో ఏ జీడిపప్పు బట్టీ అయినా ఈ ముక్క చదివితే తమ దగ్గరి ఎవరినో ఒకరిని తలుచుకోకుండా ఉండవు. అక్కడ చిల్లంగి అనే మాట ఉండదు, అంతే.

సరే, తట్టుకోవడం ఎలా? నైరుతి చైనాలోని మోసువో ఊళ్ళలో మానవశాస్త్రవేత్త రూత్ మేస్ బృందం చేసిన పని నాకు ఈ విషయంలో చాలా విలువైనదిగా తోస్తుంది. 2018లో ప్రచురించారు. అక్కడ కొన్ని ఇళ్ళకు విషం పెట్టేవాళ్ళన్న పేరు ఉంది. వాళ్ళింట్లో ఎవరూ తినరు, పొలం పనుల్లో చేతసాయాలు వాళ్ళతో పెట్టుకోరు, ఆ ఇంటి పిల్లతో సంబంధం కలుపుకోరు. ఆ పేరు తరాల పాటు అంటుకునే ఉంటుంది. పరిశోధకులు ఎవరు ఎవరికి సాయపడుతున్నారో ఇల్లిల్లూ లెక్క తీశారు. పేరు పడిన ఇళ్ళవాళ్ళు స్వార్థపరులు, సాయపడనివాళ్ళు అనడానికి ఆధారమేదీ దొరకలేదు. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు పెద్దలుగా ఉన్నవి ఎక్కువ, కాస్త కలిగినవీ ఎక్కువ. ఇంతవరకు మనం ఊహించగలిగిందే. వాళ్ళు బతికిన తీరు మాత్రం గమనించదగ్గది. పేరు పడిన ఇళ్ళు ఒకదానికొకటి సాయం చేసుకున్నాయి. పొలాల్లో చేతసాయాలు, కానుకలు, పెళ్ళి సంబంధాలు - వెలివేసినవాళ్ళతో వెలివేసినవాళ్ళు వేరే వల అల్లుకున్నారు. నిర్దోషిత్వం రుజువు చేసుకుని కాక, కలిసి తినే మనుషుల్ని వెతుక్కుని నిలబడ్డారు.

మన మన్యంలో పేరు పడిన మనిషి ఎక్కువగా ఊరికి ఒక్కతే. వల అల్లుకోవడానికి రెండో మనిషి కావాలి. ఆ రెండో మనిషి బలం ఎంతో మనస్తత్వవేత్త సోలమన్ ఆష్ 1950ల్లో చేసిన ప్రయోగం చెబుతుంది. గదిలో అందరూ కూడబలుక్కుని పొట్టి గీతను పొడుగు గీత అంటే, సంగతి తెలియని ఒక్క మనిషి కూడా దాదాపు మూడో వంతు సార్లు తలూపాడు. ఆ గుంపులో ఒక్కడు నిజం చెప్పేవాణ్ణి కలిపితే, తలూపడం అందులో నాలుగో వంతుకు పడిపోయింది. చిల్లంగి ఊళ్ళోనూ అందరూ పూర్తిగా నమ్మరు. చాలామంది పక్కవాళ్ళు నమ్ముతున్నారేమోనని ఊరుకుంటారు, రేపు ఆ పేరు తమ మీద పడుతుందేమోనని కూడా ఊరుకుంటారు. ఊరందరికీ ఉపన్యాసం ఇచ్చి ఒప్పించడం కంటే, కందికొత్తల పండగనాడు అందరూ చూస్తుండగా ఆమె పక్కన కూర్చుని తినే ఒక్క ఇల్లు దొరకడం ఎక్కువ పని చేస్తుంది. ఆ ఇల్లు ఆశా కార్యకర్తదో, అంగన్‌వాడీ టీచరుదో, బడి పంతులుదో అయితే ఇంకా మేలు, ఎందుకంటే వాళ్ళను వెలివేయడం ఊరికి కష్టం. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు నిమ్మకాయలో రక్తం గుట్టు విప్పి చూపే ప్రదర్శనలు అవసరమైనవే. ప్రదర్శన అయ్యాక బండెక్కి వెళ్ళిపోతే మాత్రం ఆమె మళ్ళీ ఒంటరిదే.

పేరు పడుతున్నట్టు పసిగట్టిన మనిషికి చెప్పదగ్గవి కొన్ని ఉన్నాయి. పెద్దమనుషుల ముందు సత్యం చేయమన్నా, మరిగే నూనెలో చెయ్యి పెట్టమన్నా ఒప్పుకోకూడదు. ఆ పరీక్షలో నెగ్గే దారి అసలు లేదు. గొడవ వదిలిపోతుందని తప్పు కట్టకూడదు. కట్టిన తప్పు రేపటికి ఒప్పుకోలు అవుతుంది. ఎవరు ఏ రోజు ఏమన్నారో, ఎవరి ఎదుట అన్నారో చదువుకున్న పిల్లల చేత రాయించి పెట్టుకోవాలి. గుసగుసగా ఉన్నప్పుడే బయటివాళ్ళకు తెలియాలి - సచివాలయం మహిళా పోలీసుకు, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అధికారికి. అలాగే జబ్బుపడ్డ పిల్లవాడి పరీక్ష త్వరగా జరగడం ఆమెకూ అవసరమే. వేలి మీది రక్తపు చుక్కతో పావుగంట, ఇరవై నిమిషాల్లో మలేరియా తెలుస్తుంది. చీటీ మీద జబ్బు పేరు రాకముందే మనిషి పేరు వచ్చేస్తే వెనక్కి తీసుకోవడం కష్టం. మనసు నలిగిన వాళ్ళకు 14416కు చేస్తే టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు. ఉచితంగా వకీలు కావాలంటే న్యాయసేవల నంబరు 15100. స్త్రీలకూ, షెడ్యూల్డ్ కులాలూ తెగలవారికీ ఆదాయంతో పనిలేకుండా ఆ హక్కు ఉంది.

చట్టంలో మాత్రం పెద్ద గండి ఉంది. మన పొరుగున ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో ఇలాంటి వేధింపుకు ప్రత్యేక చట్టాలు చేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటిది లేదు. కొమరాడ నుంచి రాయగడ వైపు దాటిన ఊళ్ళో నేరానికి పేరుంది, ఇటువైపు లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ మంత్రగత్తె అన్న నెపంతో హింసించడాన్ని, సాంఘిక బహిష్కారాన్ని నేరాలుగా చేర్చింది. కానీ నిందితుడు ఎస్సీ, ఎస్టీ కానివాడైతేనే ఆ చట్టం వర్తిస్తుంది. గిరిజన గూడెంలో పేరు పెట్టేదీ పడేదీ ఎక్కువగా ఒకే తెగవాళ్ళు. కాబట్టి మిగిలేవి భారతీయ న్యాయ సంహితలోని మామూలు సెక్షన్లే: బెదిరింపు, పరువు నష్టం, గాయపరచడం. ఒకరోజు కొట్టింది వాటికి కనబడుతుంది, ఏడాది పాటు బోరింగు దగ్గర బిందెలు తీసుకుపోయింది కనబడదు.

ఉన్నంతలో ఒకటి అక్కరకొస్తుంది. తీవ్రంగా గాయపరచడం, ఇల్లు తగలబెట్టబోవడం దాకా వస్తే స్టేషనుకు ఆమే వెళ్ళనక్కరలేదు. పోలీసులు నేరుగా కేసు కట్టదగ్గ నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా సమాచారం ఇవ్వొచ్చు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం అది తమ పరిధిలోది కాదని ఏ స్టేషనూ తిప్పి పంపకూడదు. ఊళ్ళో ఎవరు ఫిర్యాదు చేశారో తెలిస్తే ముప్పు అనుకున్న పంతులుగారు పార్వతీపురంలోనో, పాలకొండలోనో, చివరికి విజయనగరంలోనో చెప్పొచ్చు. రాత్రిపూట అయితే 112కు ఫోను చేసి ఊరి పేరు, గూడ పేరు, దగ్గరి రోడ్డు పాయింటు చెప్పాలి, ఎందుకంటే కొండ ఊళ్ళ పేర్లు ఒకేలా ఉంటాయి, జీపు వేరే గూడకు వెళ్ళిపోతుంది.